అంగన్‌వాడీలో కూర్చుని చూస్తే అది పరిశోధన అవుతుందా?

మీ ప్రశ్న నాకు ఇలా అర్థమైంది. ఎం.ఏ. సోషియాలజీ రెండో సంవత్సరం చదువుతున్నారు. మీ ఊరి దగ్గరున్న రెండు అంగన్‌వాడీ కేంద్రాల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఒకరితో ఒకరు ఎలా మెలుగుతారో చూసి డిసర్టేషన్ రాయాలనుకుంటున్నారు. గైడ్ గారు ‘సహజ పరిశీలన’ అని ఒక్క మాట చెప్పి వదిలేశారు. తోటివాళ్లేమో "ఊరికే కూర్చుని చూస్తే పరిశోధన ఎలా అవుతుంది, ఒక ప్రశ్నావళి తయారుచేసి వంద మంది తల్లులతో నింపించుకో, నెలలో అయిపోతుంది" అంటున్నారు. ఎన్ని రోజులు చూడాలి, మిమ్మల్ని చూసి పిల్లలూ టీచరూ మారిపోతే ఏం చేయాలి, కనపడకుండా చూడొచ్చా, వైవాలో (మౌఖిక పరీక్షలో) "కారణం ఏమిటి" అని అడిగితే ఏం చెప్పాలి అన్నవి మీ టెన్షన్లు.

27 ఏళ్లుగా పల్లెల్లో, బస్తీల్లో ఇదే పని చేస్తున్నాను కాబట్టి వివరంగా రాస్తాను. అవుతుందమ్మా, తప్పకుండా పరిశోధన అవుతుంది. కాకపోతే ‘ఊరికే’ అన్న మాట తీసేయాలి. ఏం చూడాలో ముందే తేల్చుకుని, చూసింది అప్పుడే రాసుకుని, రాసిన దాంట్లో కంటికి కనిపించింది ఎంత, మనం ఊహించుకున్నది ఎంత అని విడదీయగలిగితేనే అది పరిశోధన. ఈ మూడోది అన్నిటికన్నా కష్టం, దాన్ని ఎవరూ సరిగా నేర్పరు, అందుకే నా జవాబులో ఎక్కువ భాగం దాని చుట్టూనే ఉంటుంది.

ముందు ప్రశ్నావళి సంగతి. తల్లిని అడిగితే "మా వాడు అందరితో కలిసిపోతాడండీ" అంటుంది, అబద్ధం చెప్పాలని కాదు, కేంద్రంలో వాడు ఎలా ఉంటాడో ఆవిడ చూడలేదు, ఆ టైములో ఆవిడ కూలికో ఇంటిపనికో పోయి ఉంటుంది. అదీగాక మనిషి చెప్పేదానికీ చేసేదానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో చూపించిన పాత అధ్యయనం ఒకటుంది. రిచర్డ్ లాపియర్ అనే అమెరికన్ సోషియాలజిస్టు 1930 నుంచి 1932 దాకా ఒక చైనా యువ జంటతో కలిసి అమెరికా అంతా కారులో తిరిగాడు. అప్పట్లో అక్కడ చైనావాళ్ల మీద వ్యతిరేకత చాలా ఉండేది. వాళ్లు 251 హోటళ్లు, భోజనశాలల్లో దిగితే ఒక్క చోట మాత్రమే కాదన్నారు. ఆరు నెలల తర్వాత అవే చోట్లకు "చైనా జాతివాళ్లను మీ దగ్గర అతిథులుగా తీసుకుంటారా" అని ఉత్తరాలు రాస్తే, జవాబిచ్చిన 128 మందిలో 90 శాతానికి పైగా తీసుకోం అన్నారు. 1934లో ఇది అచ్చయింది. దీని మీద న్యాయమైన విమర్శలు ఉన్నాయి, ఉత్తరానికి జవాబు రాసిన మనిషీ ఆ రోజు కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషీ ఒకరే అని ఎలా చెప్తాం, జంటతో పాటు తెల్లవాడు ఒకడు ఉన్నాడు కదా అని. అయినా అడగడం ఒక పని, చూడటం ఇంకో పని, ఒకదాని బదులు ఇంకొకటి వాడలేం అని ఆ అధ్యయనం చెప్పిన సంగతి మాత్రం నిలబడింది.

మన దేశంలోది కావాలంటే, 2003లో 20 రాష్ట్రాల్లో 3,700 ప్రభుత్వ పాఠశాలలకు పరిశోధకులు ముందుగా చెప్పకుండా వెళ్లి టీచర్లు ఉన్నారో లేరో, ఉంటే ఏం చేస్తున్నారో కళ్లతో చూసి రాసుకున్నారు. 25 శాతం మంది ఆ పూట బడిలో లేరు, పాఠం చెప్తూ కనిపించినవాళ్లు దాదాపు సగం మందే. ఇది ప్రయోగం కాదు, ఎవరికీ ఏమీ ఇచ్చి చూడలేదు, ఏదీ మార్చలేదు, ఉన్నదాన్ని ఉన్నట్టు లెక్కపెట్టారు, అంతే. వర్ణనాత్మక పరిశోధన అంటే ఇదే. సర్వే, కేస్ స్టడీ, పాత రికార్డుల పరిశీలన, మీరు చేయబోయే సహజ పరిశీలన అన్నీ ఆ గొడుగు కిందికే వస్తాయి. పిల్లల్ని ఒక గదికి తీసుకెళ్లి మీరు కొనుక్కొచ్చిన బొమ్మలు ముందు పెట్టి చూస్తే అది సహజ పరిశీలన కాదు. వాళ్ల చోటు, వాళ్ల వేళ, వాళ్ల బొమ్మలు, వాళ్ల టీచర్ అన్నీ ఎప్పటిలాగే ఉండాలి.

‘వర్ణన’ అనగానే తక్కువ రకం పరిశోధన అనుకునే అలవాటు మన విశ్వవిద్యాలయాల్లో ఉంది, నాకు దాని మీద చాలా బాధ ఉంది. మానవ శాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1950ల మొదట్లో హైదరాబాద్ దగ్గర శామీర్‌పేటలో ఒక బృందంతో పనిచేసి, 1955లో పుస్తకం వేశారు. ఎవరు ఏ కులం, ఎవరికి ఎవరు ఏం పని చేసిపెడతారు, ఏం తింటారు, ఏ పండగ ఎలా చేస్తారు అన్నది వర్ణించారు. ఇవాళ శామీర్‌పేట వెళ్తే ఔటర్ రింగ్ రోడ్డు, వెంచర్లు, రిసార్టులు. ఆ పాత ఊరు ఎలా బతికిందో తెలుసుకోవాలంటే ఆ వర్ణన దగ్గరికే పోవాలి. కార్యకారణ సంబంధాల సిద్ధాంతాలు పదేళ్లకోసారి మారతాయి, జాగ్రత్తగా రాసిన వర్ణన మాత్రం సిద్ధాంతం మారిన తర్వాత కూడా పనికొస్తుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ, మీరు తప్పకుండా తెలుసుకోవాల్సింది. ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గర్లో మారియెంతాల్ అనే ఊరు, ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేది. 1929-30లో మిల్లు మూతపడింది. ఊళ్లో 478 కుటుంబాలు, వాటిలో దాదాపు నాలుగింట మూడొంతులు నిరుద్యోగ భృతి మీద పడ్డాయి. మరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ త్సైజెల్ బృందం 1931 చివర్లో అక్కడికి వెళ్లింది. పని లేకపోవడం మనిషిని ఏం చేస్తుంది అన్నది వాళ్ల ప్రశ్న. మామూలుగా అయితే "మీరు బాధగా ఉన్నారా, కొంచెమా చాలానా" అని ఒక ఫారం పంచేవాళ్లు. వీళ్లు ఏం చేశారో చూడండి. మధ్యాహ్నం వేళ ఊరి ప్రధాన వీధికి ఎదురుగా ఎవరికీ కనపడని చోట ఒక మనిషి గడియారం పట్టుకుని కూర్చున్నాడు. వీధిలో సుమారు 300 మీటర్లు నడిచే లోపు ఎవరు ఎన్నిసార్లు ఆగుతున్నారో లెక్కపెట్టాడు. 68 మంది మగవాళ్లలో 39 మంది మూడుసార్లు లేదా అంతకన్నా ఎక్కువ ఆగారు, ఒక్కసారి కూడా ఆగకుండా నడిచినవాళ్లు ఆరుగురే. 50 మంది ఆడవాళ్లలో మూడుసార్లు ఆగినవాళ్లు ముగ్గురు, అసలు ఆగనివాళ్లు 30 మంది. మిల్లు అందరికీ మూతపడింది, కానీ ఆడవాళ్లకు ఇంకా వంట ఉంది, బట్టలు ఉన్నాయి, పిల్లలు ఉన్నారు, వాళ్ల రోజుకు ఒక ఆకారం ఉంది. మగవాళ్ల రోజు కరిగిపోయింది. వాళ్లు ఇంకో సంగతి కూడా చూశారు, వంద మంది మగవాళ్లలో 88 మంది చేతికి వాచీ లేదు. ఊరి లైబ్రరీ రికార్డు తీసి చూస్తే, పుస్తకం తీసుకోవడానికి ఉన్న రుసుము ఎత్తేశాక కూడా, చదవడానికి కావలసినంత తీరిక ఉన్నా కూడా, 1929 నుంచి 1931కి పుస్తకాలు తీసుకెళ్లడం దాదాపు సగానికి పడిపోయింది.

దీన్ని మళ్లీ ఒకసారి చదవండి. ‘నిరాశ’ అన్నది కంటికి కనపడదు. వీధిలో ఆగడం, వాచీ పెట్టుకోకపోవడం, పుస్తకం తీసుకోకపోవడం కనపడతాయి, లెక్కపెట్టొచ్చు. కనపడని దాని గురించి అడగాలంటే కనపడేది ఏదో ఒకటి పట్టుకోవాలి. మీ సినాప్సిస్‌లో (పరిశోధన ప్రణాళికలో) మీరు ‘పిల్లల సామాజిక సర్దుబాటు’ అని రాశారు. సర్దుబాటు ఏ రంగులో ఉంటుంది, ఎంత ఎత్తు ఉంటుంది? కేంద్రంలో కూర్చున్నప్పుడు మీ కంటికి ఏది పడితే ‘ఇదిగో సర్దుబాటు’ అని గీత పెడతారు? ఆ జవాబు దొరికే దాకా ఫీల్డుకి వెళ్లొద్దు.

ఇప్పుడు నేను కష్టం అన్న విషయం. కిందటేడు ఒక విద్యార్థిని ఫీల్డ్ నోట్స్‌లో ఇలా రాసుకొచ్చింది: "టీచర్ పిల్లలను పట్టించుకోకుండా ఫోన్ చూసుకుంటోంది." ఈ వాక్యంలో ఆ అమ్మాయి చూసింది ఎంత? టీచర్ చేతిలో ఫోన్ ఉంది, ఆవిడ కళ్లు దాని మీద ఉన్నాయి, పిల్లలు ఆవిడకు రెండు గజాల దూరంలో ఉన్నారు, అంతవరకే. ‘పట్టించుకోకుండా’ అన్నది ఊహ, ‘చూసుకుంటోంది’ అనడంలో కూడా సొంత పని అన్న ధ్వని ఉంది. వెళ్లి అడిగితే ఆవిడ పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో పిల్లల హాజరు ఎక్కిస్తోంది, సిగ్నల్ లేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది. 2021 మార్చిలో ఆ యాప్ వచ్చినప్పటి నుంచి టీచర్ చేతిలో ఫోన్ ఉండటం ఆవిడ ఉద్యోగంలో భాగం. ఆ ఒక్క వాక్యం అలాగే డిసర్టేషన్‌లోకి ఎక్కి ఉంటే, అరకొర జీతంతో పనిచేసే ఒక మనిషి మీద అన్యాయంగా మచ్చ పడేది, పైగా దానికి ‘శాస్త్రీయ పరిశీలన’ అన్న ముద్ర ఒకటి.

అందుకే నోట్‌బుక్ పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు చూసింది, విన్నది. కుడివైపు మీకు అనిపించింది, మీ అనుమానం, మీ కోపం. ఎడమవైపు విశేషణాలు రాకూడదు. "బాబు కోపంగా బొమ్మ లాక్కున్నాడు" కాదు, "బాబు రెండు చేతులతో బొమ్మ పట్టుకుని లాగాడు, పాప వదల్లేదు, బాబు ‘నాది’ అని అరిచాడు" అని రాయాలి. కోపం అన్నది కుడివైపు రాసుకోండి. మొదటి వారం ఇది నరకంలా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. కుడివైపు రాసింది పనికిరానిదేమీ కాదు, విశ్లేషణ అంతా అక్కడి నుంచే పుడుతుంది, కాకపోతే రెండూ కలవకూడదు.

అంతే ముఖ్యం, ఆ రోజుది ఆ రోజే రాయాలి. నేను పని మొదలుపెట్టిన కొత్తలో ఒక ప్రాథమిక పాఠశాలలో ఒక గొడవ చూసి, ఊళ్లో జాతర హడావుడిలో పడి మూడు రోజుల తర్వాత తీరిగ్గా రాశాను. నాతో పాటు ఉన్న సహోద్యోగి అదే సాయంత్రం రాసింది. రెండూ పక్కన పెట్టి చూస్తే ముందు చెయ్యెత్తింది ఎవరు అన్న దగ్గరే తేడా. నేను రాసిందాంట్లో పెద్ద పిల్లాడు కొట్టాడు, ఆవిడ రాసిందాంట్లో చిన్నవాడు. ఆవిడే సరి, ఎందుకంటే ఆవిడ అక్కడికక్కడే పొడి మాటల్లో రాసుకున్న చీటీ ఉంది. పెద్దవాడే కొట్టి ఉంటాడని నా మెదడు ఆ మూడు రోజుల్లో తనంతట తానే సర్దేసింది. పిల్లల ముందు పేజీలు పేజీలు రాయలేరు, కాబట్టి అక్కడ పొడి మాటలు రాసుకుని, బయటికొచ్చిన గంటలోపు విస్తరించండి. గంట చూస్తే రాయడానికి రెండు గంటలు పెట్టుకోవాలి.

రాసినదాన్ని రెండు వేర్వేరు చోట్ల దాచండి కూడా. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గర రాంపురలో ఉండి చేసిన పనికి సంబంధించి ఏళ్ల తరబడి సిద్ధం చేసుకున్న నోట్సు, మూడు కాపీలూ ఒకే చోట ఉండి 1970 ఏప్రిల్ 24న స్టాన్‌ఫర్డ్‌లో జరిగిన మంటల్లో కాలిపోయాయి. ఆయన జ్ఞాపకం మీద ఆధారపడి పుస్తకం రాశారు, అది గొప్ప పుస్తకమే అయింది, కానీ మనం శ్రీనివాస్ కాదు. రోజూ పేజీలు ఫొటో తీసి ఇంకో చోట పెట్టుకుంటే చాలు.

ఎప్పుడు చూడాలి, ఎవరిని చూడాలి అన్నది తర్వాతి సంగతి. కొత్తవాళ్లు చేసే పొరపాటు ఏమిటంటే గది మొత్తం చూద్దామని కూర్చుంటారు, అప్పుడు కన్ను ఎక్కడ అల్లరి ఉంటే అక్కడికే పోతుంది. రెండు వారాల తర్వాత నోట్స్ అంతా అల్లరి పిల్లలు నలుగురి గురించే ఉంటుంది, మూల కూర్చుని రోజంతా మాట్లాడని పిల్ల ఒక్క లైన్‌లో కూడా ఉండదు. మీ అంశానికి ఆ పిల్లే ముఖ్యం కావచ్చు. దీనికి విరుగుడు కాలాన్ని ముక్కలుగా పంచుకోవడం. మిల్డ్రెడ్ పార్టెన్ మిన్నెసోటాలో నర్సరీ పిల్లలను ఇలాగే చూసింది. స్వేచ్ఛగా ఆడుకునే వేళలో రోజుకు ఒక్కో పిల్లను ఒక్క నిమిషం చూసి, ఆ నిమిషంలో ఏం చేస్తున్నదో ఒక వర్గంలో వేసేది. ఏమీ చేయకుండా ఉండటం, ఇతరుల ఆట చూస్తూ ఉండటం, ఒంటరిగా ఆడటం, పక్కపక్కనే ఎవరి ఆట వాళ్లు ఆడటం, కలిసి ఆడటం, ఒక లక్ష్యం పెట్టుకుని పనులు పంచుకుని ఆడటం, ఇవీ ఆవిడ ఆరు వర్గాలు. 1932లో అచ్చయిన ఆ వర్గాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. మీరు వాటినే తీసుకోండి, కొత్తవి కనిపెట్టాల్సిన అవసరం లేదు. పిల్లల పేర్లు ఒక జాబితా రాసుకుని, రోజూ వరస మార్చండి, లేకపోతే మొదటి పిల్ల ఎప్పుడూ పొద్దున్నే, చివరి పిల్ల ఎప్పుడూ అన్నం ముందు ఆకలి వేళ కనిపిస్తుంది.

అయితే గొడవల్లాంటివి ఈ పద్ధతికి దొరకవు, ఎందుకంటే అవి ఎప్పుడో వచ్చి చిటికెలో పోతాయి. హెలెన్ డావే 1934లో అచ్చు వేసిన పనిలో ఇంకో దారి పట్టింది, గొడవ మొదలైతేనే కలం తీసేది. అలా 200 గొడవలు రాసుకుంది. ఒక్కో గొడవ సగటున 24 సెకన్లు కూడా లేదు, ఎక్కువ భాగం ఏదో వస్తువు కోసం. నిమిషం లెక్కన చూస్తే వీటిలో చాలా భాగం మీ కంటపడకుండా పోతాయి. మీకు సలహా ఏమిటంటే ఉదయం గంటంబావు కాలం లెక్కన చూడండి, తర్వాత అరగంట గొడవల కోసం మాత్రమే చూడండి, రెండూ ఒకేసారి పెట్టుకోవద్దు. వరసగా అరగంట దాటాక కన్ను అలిసిపోతుంది, మధ్యలో పది నిమిషాలు బయటికొచ్చి నిలబడండి. రోజర్ బార్కర్, హెర్బర్ట్ రైట్ 1949 ఏప్రిల్ 26న అమెరికాలోని కాన్సాస్‌లో ఏడేళ్ల పిల్లవాడి ఒక్క రోజు మొత్తాన్ని, పొద్దున లేచిన దగ్గర నుంచి రాత్రి పడుకునే దాకా రాయించినప్పుడు ఎనిమిది మందిని వంతులవారీగా పెట్టింది ఊరికే కాదు.

ఒక చిన్న ముచ్చట, మీ అంశానికి దగ్గరిది కాబట్టి. పక్కపక్కనే ఆడటం చిన్న వయసు లక్షణం, పెద్దయితే పోతుంది అని పార్టెన్ తర్వాత చాలాకాలం చదువుకున్నారు. 1980లో బేక్‌మన్, బ్రౌన్‌లీ దేని తర్వాత ఏది వస్తోంది అన్న వరస చూశారు. పక్కపక్కనే ఆడటం తర్వాత చాలాసార్లు కలిసి ఆడటం వస్తోంది, అంటే అది గుంపులోకి దూరడానికి పిల్లలు వాడే దారి కూడా అన్నమాట. కూడికల్లో కనపడనిది వరసలో కనపడింది. అందుకే మీ పట్టికలో టిక్కులు మాత్రమే కాక టైము కూడా రాయండి.

ఇప్పుడు రెండో మనిషి. వర్గాలు మీ తలలో స్పష్టంగా ఉన్నాయని మీకనిపిస్తుంది. ఇద్దరు పిల్లలు ఒకే ఇసుకకుప్పలో పిచ్చుక గూళ్లు కడుతున్నారు, మాటల్లేవు, మధ్యలో ఒకడు రెండోవాడికి పుల్ల అందించాడు. పక్కపక్కన ఆడటమా, కలిసి ఆడటమా? మీరు ఒకటంటారు, నేనొకటంటాను. అందుకే మీ స్నేహితురాలిని కనీసం రెండు మూడు పూటలు వెంట తీసుకెళ్లి, ఒకరి కాగితం ఒకరు చూడకుండా ఒకే పిల్లను ఒకే నిమిషాన ఇద్దరూ రాయండి. తర్వాత పోల్చేటప్పుడు ‘ఎంత శాతం కలిసింది’ అన్నదానితో ఆగిపోవద్దు. లెక్క చెప్తాను. వంద నిమిషాలు చూశారు, ‘ఇతరులతో ఉంది’, ‘ఇతరులతో లేదు’ అని రెండే వర్గాలు అనుకుందాం. 70 నిమిషాల్లో ఇద్దరూ ‘ఉంది’ అన్నారు, 10 నిమిషాల్లో ఇద్దరూ ‘లేదు’ అన్నారు, మిగతా 20లో చెరో రకంగా, పది పది. 80 శాతం కలిసింది, బాగుందనిపిస్తుంది. కానీ ఇద్దరూ నూటికి 80 సార్లు ‘ఉంది’ అంటున్నప్పుడు కళ్లు మూసుకుని రాసినా 64 సార్లు ‘ఉంది’ దగ్గర, 4 సార్లు ‘లేదు’ దగ్గర, మొత్తం 68 సార్లు కలుస్తుంది. కాబట్టి మీరు నిజంగా సంపాదించింది 80లోంచి 68 తీసేస్తే 12, సంపాదించగలిగింది వందలోంచి 68 తీసేస్తే 32. 12ని 32తో భాగిస్తే 0.375. జేకబ్ కోహెన్ 1960లో చెప్పిన కప్పా అంటే ఇదే, 0.375 అంటే మీ వర్గాల నిర్వచనం బాగాలేదని అర్థం. 0.7కి పైన వచ్చేదాకా నిర్వచనాలు తిరగరాసుకోండి: "మాట, చూపు, వస్తువు, ఈ మూడింటిలో ఒకటి ఇద్దరి మధ్య మారితే కలిసి ఆడటం" లాగా. వైవాలో ఈ ఒక్క లెక్క చూపిస్తే ‘ఊరికే చూశావు’ అనే నోరు మూతపడుతుంది.

మిమ్మల్ని చూసి మారిపోవడం గురించి. మారతారు, అది నిజం. బంగ్లాదేశ్ పల్లెల్లో చేతులు కడుక్కునే అలవాటు మీద ఒక బృందం సబ్బుల్లో కదలికను గుర్తించే సెన్సర్లు పెట్టింది, 2010లో ఫలితం వచ్చింది. ఇంట్లో పరిశీలకులు కూర్చున్న రోజు సబ్బు కదలడం 35 శాతం పెరిగింది. అంటే మనం కూర్చున్న ఇల్లు మనం లేని ఇల్లు కాదు. నేను ఒక రేషన్ షాపులో కూర్చున్నప్పుడు మొదటి వారమంతా తూకం సూటిగా ఉంది, క్యూలో ముసలివాళ్లను ముందుకు పిలిచారు. మూడో వారానికి నన్ను మర్చిపోయారు, అప్పుడు మొదలైంది అసలు పని. మందు ఓపికే, ఇంకోటి లేదు. మొదటి వారం రోజులు వెళ్లండి, కూర్చోండి, రాయండి, కానీ ఆ లెక్కలు విశ్లేషణలో కలపకండి. పిల్లలు మూడు నాలుగు రోజుల్లో మర్చిపోతారు, "అక్కా నీ పేరేంటి" అని వచ్చి ఒళ్లో కూర్చోవడం ఆగిపోతే సమయం వచ్చినట్టు. టీచర్‌కు ఎక్కువ కాలం పడుతుంది, ఎందుకంటే ఆవిడకు మీరు ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చినవాళ్లలా కనిపిస్తారు. నోట్‌బుక్ రిజిస్టర్ సైజులో ఉండకూడదు, చిన్నది పెట్టుకోండి. మీరు ఎవరి గురించి రాస్తున్నారు, ఎవరికి చూపిస్తారు అన్నది మొదటి రోజే ఆవిడకు చెప్పండి. ఆయమ్మను మర్చిపోవద్దు, పిల్లల సంగతులు ఆవిడకే ఎక్కువ తెలుసు.

మారియెంతాల్ బృందానికి ఒక నియమం ఉండేది, ఊళ్లో ఎవరూ ఉత్త చూసేవాళ్లుగా ఉండకూడదు, ఊరికి పనికొచ్చే పని ఏదైనా చేస్తూ ఉండాలి. బట్టలు సేకరించి పంచారు, డాక్టర్‌ను తెచ్చారు, కుట్టు నేర్పారు. ఇది నాకు చాలా సరైనదిగా తోస్తుంది, మనుషుల జీవితంలోకి వెళ్లి ఉత్త చేతులతో చూసి రావడం మర్యాద కాదు. కానీ మీ చూసే వేళలో సాయం చేస్తే మీరు చూస్తున్న దృశ్యమే మారిపోతుంది. కాబట్టి పన్నెండు దాకా చూడండి, ఆ తర్వాత అన్నం వడ్డించడంలోనో బరువు తూచి రాయడంలోనో ఆవిడకు సాయపడండి. పిల్లలకు దెబ్బ తగిలే పరిస్థితి వస్తే మాత్రం నోట్‌బుక్ కింద పడేసి లేవండి, ఏ పద్ధతీ అంతకన్నా పెద్దది కాదు.

కనపడకుండా చూడొచ్చా అన్నారు. వద్దు. మారియెంతాల్‌లో వీధి చూసిన మనిషి దాక్కున్నాడు కదా అంటారేమో, అది బహిరంగ వీధి, ఎవరి పేరూ రాయలేదు, నడకలు లెక్కపెట్టారు. అంగన్‌వాడీ అలాంటి చోటు కాదు. లాడ్ హంఫ్రీస్ అనే పరిశోధకుడు 1960ల్లో అమెరికాలో, స్వలింగ సంబంధం నేరంగా ఉన్న రోజుల్లో, బహిరంగ మరుగుదొడ్ల దగ్గర కలుసుకునే మగవాళ్లను తన సంగతి చెప్పకుండా చూసి, వాళ్ల కార్ల నంబర్లు రాసుకుని, ఏడాది తర్వాత వేషం మార్చుకుని వాళ్ల ఇళ్లకే సర్వే పేరుతో వెళ్లాడు. ఆ కాగితాలు పోలీసులకు చిక్కి ఉంటే ఎన్ని కుటుంబాలు కూలేవో ఆలోచించండి. పరిశోధన నీతి గురించి ఎక్కడ పాఠం చెప్పినా ఇది ఇప్పటికీ చెప్తారు. మీ దగ్గరున్నది ఆరేళ్ల లోపు పిల్లలు. సీడీపీఓ (అంగన్‌వాడీలను పర్యవేక్షించే శిశు అభివృద్ధి పథకం అధికారి) దగ్గర రాతపూర్వక అనుమతి, తల్లుల అంగీకారం (చదవలేని తల్లికి చదివి వినిపించి), నోట్స్‌లో పేర్లకు బదులు సంకేతాలు, ఫొటోలు వీడియోలు వద్దు. రెండే కేంద్రాలు కాబట్టి డిసర్టేషన్‌లో మండలం పేరు రాస్తే ఏ టీచరో ఊరంతా పోల్చేస్తుంది, జిల్లా పేరుతో ఆపండి.

ఎన్ని రోజులు అన్నదానికి అంకె చెప్తే అందరూ దాన్నే పట్టుకుంటారని భయం, అయినా మీ పరిస్థితికి చెప్తాను. ఒక్కో కేంద్రంలో అలవాటు కోసం ఆరు రోజులు, లెక్కకు 20 పనిదినాలు. ఒక్కో కేంద్రంలో 15 మంది పిల్లలు, రోజుకు ఒక్కొక్కరిని నాలుగు నిమిషాలు, వేర్వేరు వేళల్లో, అనుకుంటే పిల్లకు 80 నిమిషాలు వస్తాయి. ఎం.ఏ. స్థాయికి అది గౌరవంగా ఉంటుంది. సోమవారాలే కాకుండా వారంలో అన్ని రోజులూ, వీలైతే వాన రోజులు కూడా కలిసేలా చూసుకోండి.

ఇక కారణం. వాన రోజున గొడవలు ఎక్కువైనట్టు మీకు కనిపించిందనుకోండి. వానకు గొడవకు సంబంధం ఉంది అని రాయొచ్చు. వాన వల్ల గొడవ అని రాయకూడదు. అందరూ ఒకే గదిలో ఇరుక్కోవడం వల్లేమో, ఇసుక దొరక్క రెండు బొమ్మల కోసమే అందరూ పోటీపడటం వల్లేమో, ఆ రోజు ఆయమ్మ రాకపోవడం వల్లేమో, వాన రోజుల్లో మందకొడి పిల్లలు ఇంటి దగ్గరే ఉండిపోయి చురుకైనవాళ్లే వచ్చారేమో. మీ పద్ధతి వీటిని విడదీయలేదు, ఎందుకంటే మీరు దేన్నీ మార్చలేదు. వైవాలో బోర్డు "కారణం చెప్పు" అంటే భయపడకుండా "నా అధ్యయనం వర్ణనాత్మకం సర్, ఏం జరుగుతోంది, ఎంత తరచుగా, ఏ సందర్భంలో అన్నంతవరకే చెప్తుంది, కారణం తేల్చాలంటే బొమ్మల సంఖ్య మార్చి చూసే ప్రయోగం కావాలి, నా పరిశీలన ఆ ప్రయోగం దేని మీద చేయాలో చూపిస్తోంది" అనండి. అది తప్పించుకునే జవాబు కాదు, సరైన జవాబు.

ఒక పని ఇవాళే చేయండి. మీ సినాప్సిస్‌లో మొదటి లక్ష్యం "అంగన్‌వాడీ పిల్లల సామాజిక సర్దుబాటుపై కేంద్ర వాతావరణ ప్రభావాన్ని అధ్యయనం చేయుట" అని ఉంది. ‘ప్రభావం’ అన్న మాట పెట్టగానే కారణం చూపిస్తానని మీరే ఒప్పుకున్నట్టు. దాన్ని కొట్టేసి ఇలా రాయండి: "రెండు అంగన్‌వాడీ కేంద్రాల్లో 3-6 ఏళ్ల పిల్లలు స్వేచ్ఛగా ఆడుకునే వేళలో ఒంటరిగా, పక్కపక్కన, కలిసి ఎంతసేపు గడుపుతారో, వారి మధ్య గొడవలు ఏ సందర్భాల్లో మొదలై ఎలా ముగుస్తాయో నమోదు చేసి వర్ణించుట." గైడ్ గారికి ఇది చూపించి, ఆయన సరేనన్నాక నిర్వచనాల పేజీ రాసి ఇక్కడ పెట్టండి, ఇసుకకుప్ప లాంటి ఇరకాటాలు ఎక్కడెక్కడ వస్తాయో నేను చూసి చెప్తాను.